ఐన్‌స్టీన్ మహాశయుని జీవితము - ఒక రక్తనాళపు కథ

ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ పేరు వినని విద్యార్థి మన హిందూపురంలో గాని, పెనుకొండలో గాని, ధర్మవరంలో గాని ఉండడనుట అతిశయోక్తి కాదు. సాపేక్ష సిద్ధాంతమును కనుగొన్న మహామేధావిగా ఆయనను అందరూ ఎరుగుదురు. అయితే ఆయన ఏ జబ్బుతో మరణించాడో ఎరిగినవారు తక్కువ. సైన్సు విద్యార్థులే కాక, ఇంటిలో గుండెజబ్బుతో బాధపడు పెద్దలున్న ప్రతివారూ తెలిసికొనదగిన విషయము అందులో ఉన్నది. అందుచేత ఈ సంచికలో ఆ మహనీయుని జీవితమును ఆ కోణము నుండి చెప్పదలచితిమి.

ఆయన 1879 మార్చి 14న జర్మనీలోని ఉల్మ్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. బాల్యము మ్యూనిక్ నగరంలో గడిచింది. అచ్చట చదివిన కాథలిక్ పాఠశాలలో ఆయన తరగతిలో యూదు బాలుడు ఆయన ఒక్కడే. తాను పదిమందిలో ఒకడు కాననే స్పృహ ఆ చిన్న వయసులోనే ఆయనకు కలిగి ఉండవచ్చును. 1895లో జూరిచ్ సాంకేతిక విద్యాలయపు ప్రవేశ పరీక్షలో విఫలుడైనాడు. మరుసటి సంవత్సరం అక్కడనే చేరి 1900లో పట్టభద్రుడైనాడు. ఉద్యోగము మాత్రం వెంటనే దొరకలేదు. 1902లో బెర్న్ నగరపు పేటెంటు కార్యాలయంలో చిన్న కొలువు లభించింది. ఆ గుమాస్తా బల్ల దగ్గర కూర్చుండియే 1905లో ఆయన లోకమును మార్చివేసిన వ్యాసములు వ్రాశాడు. 1915లో సామాన్య సాపేక్ష సిద్ధాంతము పూర్తి అయినది. 1919 మే 29 నాటి సూర్యగ్రహణ సమయమున తీసిన ఛాయాచిత్రములు దానిని బలపరచినవి. 1921వ సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు వచ్చినది సాపేక్షతకు కాదు, కాంతివిద్యుత్ ఫలితమును వివరించినందుకు. ఇవి పాఠ్యపుస్తకములలో ఉన్న సంగతులే గనుక ఇక్కడ పెంచి వ్రాయము.

మన దేశమునకు ఆయనతో గల సంబంధమును మాత్రం విడువలేము. ఆయన సాపేక్షతా వ్యాసములను 1920లోనే సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహాలు ఆంగ్లములోనికి అనువదించగా కలకత్తా విశ్వవిద్యాలయము ప్రచురించినది. 1924లో అదే బోస్ ఢాకా నుండి పంపిన వ్యాసమును ఐన్‌స్టీన్ స్వయముగా జర్మను భాషలోనికి అనువదించి అచ్చు వేయించాడు. తనకు ముఖపరిచయమైనా లేని యువకుని కొరకు అంతటివాడు కలము పట్టడం చిన్న విషయమా! ఇక 1918లో ఉర్దూ బోధనా భాషగా వెలసిన హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన రజియుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జి, లైప్‌జిగ్‌లలో విద్యనభ్యసించి తిరిగి వచ్చి అక్కడనే గణితశాస్త్రమును బోధించాడు. నవీన విజ్ఞానము ఇంగ్లీషులో తప్ప సాధ్యము కాదను వారు ఈ సంగతిని గుర్తుంచుకొనుట మంచిది.

ఇక ఆయన దేహస్థితికి వత్తుము. 1917లో బెర్లిన్‌లో ఆయనకు తీవ్రమైన ఉదరవ్యాధి సంక్రమించి, రెండు మాసములలో సుమారు 25 కిలోల బరువు తగ్గినాడు. అటుపైన కడుపునొప్పి ఆయనను విడువలేదు. 1928లో స్విట్జర్లాండులో ఉండగా కుప్పకూలినాడు. గుండె పెద్దదైనదని వైద్యులు చెప్పి, ఉప్పు లేని ఆహారమును, మాసముల తరబడి విశ్రాంతిని విధించిరి. అనగా 49వ ఏట నుండి ఆయన గుండెజబ్బు మనిషి. పైగా పొగత్రాగు పైపు ఆయన చేతిని వీడేది కాదు. గుండెకు చికిత్స జరిగినది. కాని గుండె నుండి బయలుదేరి కడుపులోనికి దిగు పెద్ద రక్తనాళమును గురించి ఆనాడు ఎవ్వరికీ ఆలోచన లేదు. ఉన్నను దానిని చూచుటకు సాధనము లేదు.

ఆ రక్తనాళమునే బృహద్ధమని అందురు. కడుపులో దాని వెడల్పు సాధారణముగా 2 సెంటీమీటర్లు. వయసు, పొగాకు, రక్తపుపోటు, వంశపారంపర్యము మొదలగు కారణములచే దాని గోడ బలహీనపడి, పాత సైకిలు ట్యూబువలె ఒకచోట ఉబ్బును. 3 సెంటీమీటర్లు దాటినచో వైద్యులు దానిని అన్యూరిజమ్ అందురు. నొప్పి ఉండదు, జ్వరము ఉండదు. రోగి తన పనులు తాను చేసికొనుచునే ఉండును. ఏదో ఒకనాడు అది పగులును. పగిలిన తరువాత నూటికి ఎనభైమంది వరకు బ్రతుకరు.

1933లో హిట్లరు అధికారమునకు రాగా ఐన్‌స్టీన్ జర్మనీని శాశ్వతముగా విడిచి అమెరికాలోని ప్రిన్స్‌టన్ చేరినాడు. అదే సంవత్సరము ఆయన టర్కీ ప్రధానమంత్రికి లేఖ వ్రాసి, జర్మనీలో కొలువులు కోల్పోయిన నలుబదిమంది యూదు ఆచార్యులకు, వైద్యులకు ఆశ్రయమీయవలసినదని కోరినాడు. ఆ సంవత్సరముననే బెర్లిన్‌ను వీడి ఇస్తాంబుల్ చేరిన వారిలో రుడాల్ఫ్ నిస్సెన్ అను శస్త్రవైద్యుడొకడు. ఆయన వెళ్ళినది ఈ లేఖ వలన కాదు. అయినను ఒక ముస్లిం దేశము ఆదరించిన ఆ వైద్యుడే పదునైదేండ్ల తరువాత ఐన్‌స్టీన్ ప్రాణమును కాపాడవలసి వచ్చుట విధి విచిత్రము గాక మరేమి?

1948 నాటికి ఐన్‌స్టీన్ కడుపునొప్పి అధికమైనది. నిస్సెన్ అప్పటికి న్యూయార్కులోని బ్రూక్లిన్ యూదు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన చేయి వేసి చూడగా నాడివలె కొట్టుకొను గడ్డ తగిలినది. డిసెంబరులో శస్త్రచికిత్స జరిగినది. పిత్తాశయములో రాళ్ళు లేవు. బృహద్ధమనిపై మన అనంతపురపు చీనీకాయ కంటె పెద్దదైన ఉబ్బు ఉన్నది. ఆ భాగమును కోసి వేరు నాళమును అతుకు విద్య ఆనాటికి పుట్టలేదు. నిస్సెన్ చేయగలిగినది ఒక్కటే. సెలోఫేన్ కాగితమును, అనగా మిఠాయి పెట్టెలకు చుట్టు వంటి పలుచని పొరను, ఆ ఉబ్బు పైన చుట్టినాడు. దాని ఒరపిడికి చుట్టూ గట్టి పొర ఏర్పడి గోడకు ఆసరా కాగలదని ఆశ. నేడు వినుటకు వింతగా తోచును గాని, ఆ కాగితపు చుట్టతో ఐన్‌స్టీన్ ఆరు సంవత్సరములకు పైగా జీవించినాడు. ఆ ఆరేండ్లలో ఏకీకృత క్షేత్ర సిద్ధాంతమునకై శ్రమించినాడు. 1952లో ఇజ్రాయెల్ అధ్యక్ష పదవి తన ముంగిటికి రాగా వినయముతో తిరస్కరించినాడు. 1955 ఏప్రిల్ 11న అణుయుద్ధమునకు వ్యతిరేకముగా బెర్ట్రండ్ రస్సెల్ సిద్ధపరచిన ప్రకటనపై సంతకము చేసినాడు.

ఇచ్చట కొంచెము ఆగి నేటి మాట చెప్పవలెను. ఐన్‌స్టీన్‌కు కడుపు కోసి చూచిన తరువాత గాని తేలని సంగతి నేడు అల్ట్రాసౌండ్ స్కానింగ్‌తో అయిదు నిమిషములలో తెలియును. గర్భిణీలకు చేయు స్కానింగే అది. సూది లేదు, కోత లేదు. ఇంగ్లండులో 65 నుండి 74 ఏండ్ల వయసుగల సుమారు 67,800 మంది పురుషులపై జరిపిన పరిశోధన ఫలితములు 2002లో వెలువడినవి. స్కానింగుకు పిలువబడిన వారిలో ఈ వ్యాధి మరణములు సుమారు 40 శాతము తగ్గినవి. 2009 నుండి ఆ దేశము 65 ఏండ్లు నిండిన పురుషులను ఈ పరీక్షకు పిలుచుచున్నది. ఉబ్బు 5.5 సెంటీమీటర్లకు చేరువరకు క్రమము తప్పక కొలిచి చూచెదరు. చేరినచో శస్త్రచికిత్స, లేదా తొడ నాళము గుండా లోపలికి గొట్టమును పంపి అమర్చు చికిత్స చేసెదరు.

ఆసియా వాసులలో ఈ వ్యాధి పాశ్చాత్యులలో కంటె తక్కువ. కావున ప్రతి వృద్ధునికీ స్కానింగ్ చేయవలెనని మేము వాదింపము. అయితే గుండె రక్తనాళములు పూడుకొనిన రోగులలో ఇది ఇతరులలో కంటె సుమారు రెండింతలు కనబడునని పరిశోధనలు తెలుపుచున్నవి. ఆశ్చర్యమేమున్నది? రెండు జబ్బులకూ మూలకారణములు చాలవరకు ఒక్కటే. మన ప్రాంతపు గుండెరోగులు బెంగుళూరు వెళ్ళుదురు, లేదా 1991లో పుట్టపర్తి వద్ద ప్రశాంతిగ్రామంలో వెలసిన ఉచిత వైద్యశాలకు పోవుదురు. ఎక్కడికి పోయినను గుండెకు ఎకో పరీక్ష జరుగును. ఆ పరీక్ష చేయునపుడే పరికరమును ఎదురురొమ్ము నుండి క్రిందికి కడుపు మీదికి జరిపి బృహద్ధమనిని కొలువవచ్చును. ఏండ్ల తరబడి బీడీ త్రాగిన 65 ఏండ్ల తాతకు ఆ ఒక్క కొలత తీయుమని డాక్టరుగారిని అడుగుటకు మొగమాటమెందుకు? నడుమునొప్పి అని మందు పట్టించి, గ్యాసు అని మాత్ర మింగించి ఊరుకొను అలవాటు మనకు మెండు.

1955 ఏప్రిల్ 13న ఐన్‌స్టీన్ తన యింటిలో కూలిపోయినాడు. ఉబ్బు పగులనారంభించినది. పాడైన బృహద్ధమనిని తొలగించి మరొకటి అతుకు శస్త్రచికిత్సను పారిస్‌లో ఛార్లెస్ దుబోస్ట్ 1951లో తొలిసారి చేసియున్నాడు. న్యూయార్కు నుండి వచ్చిన ఫ్రాంక్ గ్లెన్ అను శస్త్రవైద్యుడు కోత సాధ్యమేనని తెలిపెను. ఐన్‌స్టీన్ అంగీకరించలేదు. తన వంతు పని ముగిసినదనియు, కృత్రిమముగా ఆయువును పొడిగించుకొనుట తనకు రుచింపదనియు భావించినాడు. పదునైదవ తేదీన ప్రిన్స్‌టన్ ఆసుపత్రికి తరలింపబడి, కళ్ళజోడును, కాగితములను తెప్పించుకొని లెక్కలు వ్రాయుచుండెను. సవతి కుమార్తె మార్గోట్ అదే ఆసుపత్రిలో రోగిగా ఉండెను. కుమారుడు హాన్స్ ఆల్బర్ట్ కాలిఫోర్నియా నుండి విమానములో వచ్చి తండ్రిని చూచెను.

ఏప్రిల్ 18వ తేదీ తెల్లవారక మునుపు, ఒంటిగంట దాటిన కొలదిసేపటికి ఆయన జర్మను భాషలో ఏవో కొన్ని మాటలు పలికి కన్నుమూసినాడు. ప్రక్కనున్న నర్సుకు జర్మను భాష రాదు. ఆ మాటలేవో ఎవరికీ తెలియలేదు. ఆయన వయసు 76 సంవత్సరములు. శవపరీక్షలో పగిలిన బృహద్ధమని కనబడినది. ఆనాడే ట్రెంటన్‌లో దహనక్రియ జరిగినది. అస్థికలను ఎక్కడ చల్లిరో బయటివారికి చెప్పలేదు. మంచము ప్రక్కన సగములో నిలిచిన లెక్కల కాగితములు మిగిలినవి.