నాగార్జునుని పరీక్షలు

పల్నాటి సీమలో నాగార్జునసాగరపు కుడిగట్టున విజయపురి సౌత్ ఉన్నది. అచట లాంచీ యెక్కి జలాశయముపై పోయినచో నాగార్జునకొండ వచ్చును. ఇక్ష్వాకుల రాజధానియైన ప్రాచీన విజయపురి ఆ నీటిలో మునిగినది. అచటి శాసనములలో శ్రీపర్వతమను పేరు కానవచ్చును. ఆచార్య నాగార్జునుడు తన తుదిదినములను శ్రీపర్వతమున గడపెనని ఐతిహ్యము.

ఆయన క్రీస్తు శకము 2, 3 శతాబ్దులవాడని పండితుల అభిప్రాయము. ఆయన కథలలో పెక్కులు 5వ శతాబ్ది ఆరంభమున కుమారజీవుడు చీనా భాషలోనికి దెచ్చిన చరిత్రమున నున్నవి. నాగార్జునుడు దక్షిణదేశమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, బాల్యముననే వేదములు నేర్చెనట. యౌవనమున ముగ్గురు మిత్రులతో గూడి అదృశ్యవిద్య సాధించి, రాజాంతఃపురమున జొరబడెను. మిత్రులు మువ్వురును కత్తులకు బలియైరి. రాజు ప్రక్కన ఒదిగి నిలిచిన నాగార్జునుడొక్కడే బ్రదికెను. కామమే దుఃఖమూలమని గ్రహించి ఆయన భిక్షువయ్యెను.

త్రిపిటకములను 90 దినములలో అధ్యయనము చేసెనట. వాదములలో నెగ్గినకొలది గర్వము తలయెత్తెను. అపుడు నాగరాజొకడు కరుణించి, సముద్రగర్భముననున్న తన మందిరమునకు గొనిపోయి, ఆయన యెన్నడును ఎఱుగని గ్రంథరాశిని ముందుంచెను. గర్వమణగెను. ఇది కథయే, అయినను, చదువు వేఱు, ఎఱుక వేఱు అను సత్యము దానియందున్నది.

ఆయన రచించిన మూలమధ్యమక కారికలలో 27 ప్రకరణములు కలవు. వానిని పరీక్షలని పిలుచుట సంప్రదాయము. నేటి మనశ్శాస్త్ర పాఠ్యగ్రంథములలో ఇంద్రియజ్ఞానము, అనుభూతి, నేనను భావము ముఖ్యములైన అధ్యాయములు. నాగార్జునుడును కన్ను మొదలగు ఇంద్రియములను, సుఖదుఃఖానుభవమగు వేదన, గుర్తింపగు సంజ్ఞ మొదలైన స్కంధములను, ఆత్మను పరీక్షకు నిలిపెను. కన్ను తన్ను తాను చూడజాలదు. అట్టిచో చూపు కంటికి సహజస్వభావమని యెట్లు చెప్పవచ్చును? చూపు లేక చూచువాడు లేడు, చూచువాడు లేక చూపు లేదు. ఇవి ఒకదానినొకటి ఆశ్రయించి నిలిచినవే కాని, తమంతట తాము నిలిచినవి కావని ఆయన నిర్ణయము. దీనికే శూన్యతయని పేరు. ఏదియు లేదని దాని యర్థము కాదు.

విగ్రహవ్యావర్తనిలో ఆయన ప్రతిపక్షుల ప్రశ్నలను ముందుగా నిలిపి, పిదప సమాధానము లొసగెను. సమస్తము శూన్యమైనచో, ఆ చెప్పు మాటయు శూన్యమే గదా, అది దేనిని ఖండింపగలదని ప్రశ్న. రథము, కుండ, వస్త్రము ఇతరములపై ఆధారపడియు తమ పనులు నెరవేర్చుచున్నట్లే, మాటయు తన పని నెరవేర్చునని సమాధానము.

ఆయన సాధనము తర్కము, ప్రయోగము కాదు. మనశ్శాస్త్రమునకు ప్రయోగశాల 1879లో జర్మనీ దేశపు లైప్జిగ్ నగరమున వుంట్ పండితునిచే వెలసెను. అయినను భావమును పరీక్షించు తీరు నేటికిని నాగార్జునునివద్ద నేర్వదగినదే. నిర్వచనమును వల్లించిన విద్యార్థికి ధారణ కలదని మాత్రమే తెలియును. చూచుచున్నది కన్నా, మనస్సా యని యడిగి, కారణము చెప్పించి, ఎదురుప్రశ్న వేసినపుడే భావము బోధపడినదో లేదో తేలును. 90 దినముల చదువు నెఱవేర్పలేని పనిని అట్టి ప్రశ్న యొక్కటి నెఱవేర్పగలదు.