చార్లెస్ బాబేజి

శ్రీకాకుళము జిల్లాలోని కళింగపట్టణమును, దానికి నైరృతి దిక్కున తీరముననే యున్న భీమునిపట్టణమును ఒకప్పుడు పేరుపొందిన రేవులు. పంతొమ్మిదవ శతాబ్దమున దూరదేశముల ఓడలు అచ్చటికి వచ్చి సరుకులు ఎత్తుకొని పోవుచుండెడివి. నడిసముద్రమున నావికునికి దారి తెలుపున దేమి? ఆకాశమున చంద్రుడును, నక్షత్రములును. చేతిలో అంకెల పట్టికలు. ఏ దినమున, ఏ వేళకు చంద్రు డెచ్చట నుండునో ఆ పట్టికలలో అచ్చువేయబడి యుండెడిది. 1840 ప్రాంతమున విశాఖపట్టణములో గోడే వెంకట జగ్గారావుగారు నెలకొల్పిన నక్షత్రశాల వంటి వానికిని ఇట్టి పట్టికలే ఆధారము.

ఈ పట్టికలను గణకులు చేతితో లెక్కించెడివారు. మరియొకడు వానికి శుద్ధప్రతి వ్రాసెడివాడు. అచ్చుకూటమున వేరొకడు సీసపు అంకెలను పేర్చెడివాడు. ఈ మూడు చోట్లను తప్పు దొరలవచ్చును. తాళపత్ర ప్రతిలో లేఖకుడు ఒక అక్షరము జారవిడిచినచో చదువరి సందర్భమునుబట్టి సవరించుకొనగలడు. అంకెకు సందర్భము లేదు. 7 ఉండవలసిన చోట 1 పడినను అది తప్పువలె కనబడదు. ఓడ దారి తప్పిన పిమ్మటనే దాని సంగతి బయటపడును.

ఈ చిక్కును యంత్రముచేత తీర్పవలెనని జీవితమంతయు శ్రమించినవాడు చార్లెస్ బాబేజి. ఆయన 1791 డిసెంబరు 26వ తేదీన లండనులో జన్మించెను. తండ్రి బ్యాంకు వ్యాపారి. బాబేజి కేంబ్రిడ్జిలో గణితమభ్యసించి, ఇరువదియైదేండ్లైనను నిండకమునుపే రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను.

1821లో ఆయనయు, మిత్రుడు జాన్ హెర్షెలును ఖగోళ పట్టికలను సరిచూచుచుండిరి. ఇద్దరు గణకులు వేరువేరుగా చేసిన లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి పోల్చుట వారి పని. తప్పులు ఒకదానివెంట నొకటి బయల్పడజొచ్చెను. విసిగిన బాబేజికి, ఈ లెక్కలను ఆవిరిశక్తియే చేసిన ఎంత బాగుండునను తలంపు కలిగెను.

ఆయన కనుగొన్న మార్గమును మీరును పరీక్షింపవచ్చును. 1, 4, 9, 16, 25 అను వర్గసంఖ్యలను వ్రాయుడు. వాని భేదములు 3, 5, 7, 9. ఆ భేదముల భేదము ఎల్లప్పుడును 2. కావున 9కి 2 కలిపి, వచ్చిన 11ను 25కు కలిపినచో 36 వచ్చును. గుణకారముతో పనిలేదు, కూడిక చాలును. కూడికను పండ్లచక్రములు చేయగలవు. ఇట్టి భేదయంత్రపు చిన్న నమూనాను బాబేజి 1822లో నిర్మించెను. మరుసటి యేట బ్రిటిషు ప్రభుత్వము పెద్ద యంత్రమునకు ధనమిచ్చుట కారంభించెను.

అయితే బాబేజి గొప్పతనము కూడిక యంత్రమును ఊహించుటలో మాత్రమే లేదు. యంత్రమును తప్పుచేయునని ఆయన ఎరుగును. చక్రము రెండంకెల నడుమ ఆగిపోయినచో? అందుకై ఆయన ప్రతిచక్రమునకును లోహపు మేకు నొకదానిని అమర్చెను. చక్రము సరియైన అంకెవద్ద నిలిచిననే ఆ మేకు పండ్ల సందున దూరును. చక్రము కొంచెము పక్కకు జరిగియున్న, మేకే దానిని సర్దును. నడుమ చిక్కుకొని యున్నచో మేకు దూరదు, యంత్రము బిగుసుకొని ఆగిపోవును. తప్పు సమాధాన మిచ్చుటకంటె ఏ సమాధానమును ఈయకుండుటయే మేలని ఆయన నిశ్చయము. లెక్క తేలిన వెంటనే అచ్చునకు వలయు మూసను గూడ ఆ యంత్రమే తయారుచేయవలెనని సంకల్పించెను. వ్రాయువాని చేయిగాని, పేర్చువాని చేయిగాని నడుమ సోకగూడదు.

1827వ సంవత్సర మాయనకు మిక్కిలి దుఃఖకరమైనది. తండ్రియు, భార్య జార్జియానాయు, బిడ్డలును ఆ యేటనే మరణించిరి. ఆయన మనశ్శాంతికై కొంతకాలము ఐరోపాలో సంచరించెను. ఆ యేటనే ఆయన సంవర్గమాన పట్టిక ప్రకటింపబడినది. దాని అచ్చుప్రతులను పలుమారులు దిద్దించెను. అంకెలు కంటికి ఏ రంగు కాగితముపై స్పష్టముగా కనబడునో తెలియుటకు తరువాత సుమారు నూటయేబది రంగుల కాగితములపై అచ్చొత్తించి చూచెను!

యంత్రము మాత్రము పూర్తికాలేదు. 1832 నాటికి ఒక చిన్నభాగము సిద్ధమై చక్కగా పనిచేసెను. ఆ మరుసటి యేట పనివాడైన క్లెమెంటుతో తగవు వచ్చి పని నిలిచిపోయెను. ప్రభుత్వము పదునేడువేల పౌనులకు పైగా వ్యయపరచి 1842లో చేయి విడిచెను. తప్పంతయు ప్రభుత్వముదే యనుట న్యాయము కాదు. బాబేజి ఒకటి ముగియకముందే దానికంటె మేలైన దానిని తలపెట్టువాడు; కోపియు నగుటచే మిత్రులను దూరము చేసికొనెను. వీథిలో వాద్యములు వాయించువారితో ఆయన వృద్ధాప్యమున పడిన కలహములు లండను నగరమంతటికిని తెలియును.

1834 నుండి ఆయన తలపెట్టిన విశ్లేషణ యంత్రము చిల్లులుగల కార్డుల ఆజ్ఞలనుబట్టి నడచునది. దానికొక సంవర్గమానము కావలసినచో గంట మ్రోగించి, ఏ సంఖ్యకో చూపును. మనిషి ఆ కార్డు తెచ్చి యుంచవలెను. కార్డుపై ఆ సంఖ్యయు చిల్లులుగా నుండును. యంత్రము తాను కోరిన సంఖ్యనుండి దానిని తీసివేసి చూచును. శేషము సున్న యైనచో సరి. కానిచో మరింత పెద్ద గంట మ్రోగించి ఆగిపోవును. మనిషి తప్పును యంత్రము పట్టుకొనుట ఎంత వింత! ఈ యంత్రమును పూర్తికాలేదు. బాబేజి 1871 అక్టోబరు 18వ తేదీన మరణించెను.

1959లో ఐ.బి.యం. 1403 అను లైన్ ప్రింటరు వచ్చెను. అది నిమిషమునకు ఆరువందల పంక్తులు అచ్చొత్తెడిది. ఒక్కొక్క పంక్తిలో 132 స్థానములు. స్థానమున కొక సుత్తి. కొట్టవలసిన సుత్తి కొట్టినదా, కొట్టరాని సుత్తి కొట్టినదా యని కంప్యూటరు వెనువెంటనే పోల్చి చూచెడిది. తేడా కనబడినచో అచ్చు నిలిచిపోయి, హెచ్చరిక దీపము వెలిగెడిది.

బాబేజి 1847 మొదలు 1849 వరకు గీసిన రెండవ భేదయంత్రపు పటములనుబట్టి లండను సైన్సు మ్యూజియమువారు 1991లో యంత్రపు గణకభాగమును నిర్మించిరి. పటములలోనే కొన్ని దోషము లుండగా నిర్మాతలు వానిని సవరింపవలసి వచ్చెను. నాలుగువేల భాగములుగల ఆ యంత్రము 31 అంకెల సంఖ్యలను తప్పులేక గణించెను. దాని ముద్రణభాగము 2002లో పూర్తియయ్యెను. పిడి త్రిప్పగా అది సమాధానమును కాగితముపై సిరాతో అచ్చొత్తుచు, అదే అంకెలను మెత్తని ప్లాస్టరు పలకపైనను నొక్కుచుండెను.