నేల మీద నగరాలు కట్టిన వెల్స్

పదవీ విరమణ చేసినవారు ఎదురుపడగానే నలుగురూ అడిగే మొదటి ప్రశ్న, కాలక్షేపం ఎలా జరుగుతోందని. గుడికి వెళుతున్నామన్నా, భారతం చదువుతున్నామన్నా, మనవడిని బడిలో దిగబెట్టి వస్తున్నామన్నా అడిగినవారు తృప్తిగా తల ఊపుతారు. మనవడి ఇటుక బొమ్మలు ముందేసుకుని నేల మీద కూర్చుని మేడలు కడుతున్నామని మాత్రం ఎవరమూ చెప్పము. కట్టేవారు లేక కాదు, చెప్పుకోవడానికి సిగ్గు. ఎవరైనా గదిలోకి వస్తే, పిల్లవాడి కోసం సర్దుతున్నట్లు నటిస్తాము.

ఈ సిగ్గు బొత్తిగా లేని ఒక పెద్దమనిషి ఉండేవారు. ఆయన ఆడుకోవడమే కాదు, ఆ ఆట ఎలా ఆడాలో పుస్తకం రాసి లోకానికి చెప్పారు. ఆయనే ప్రఖ్యాత ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్. కాలయంత్రం, అదృశ్యమానవుడు, అంగారకుడి నుంచి దండెత్తి వచ్చిన జీవులు అంటే మన సభ్యులలో చాలామందికి ఆయన గుర్తుకు వస్తారు. ఆయన జీవితాన్ని ఈ ఆట వైపు నుంచి చూసి నాలుగు మాటలు మనవి చేస్తాను.

హెర్బర్ట్ జార్జ్ వెల్స్ 1866 సెప్టెంబరు 21న ఇంగ్లండులోని కెంట్ జిల్లా బ్రామ్లీ పట్టణంలో జన్మించారు. తండ్రి జోసెఫ్ పింగాణీ సామాను, క్రికెట్ సామగ్రి అమ్మే చిన్న దుకాణం నడిపేవాడు. దుకాణం అంతంతమాత్రమే. మంచి బౌలరు కావడం వల్ల క్రికెట్ మీద కొంత రాబడి ఉండేది. 1862లో కెంట్ జట్టు తరఫున వరుసగా నాలుగు బంతులకు నాలుగు వికెట్లు తీసిన ఘనత ఆయనది. తల్లి సారా పెళ్ళికి ముందు జమీందారీ ఇళ్ళలో పరిచారిక.

1874లో, ఎనిమిదో ఏడు రాకముందే, వెల్స్ కాలు విరిగి మంచం పట్టాడు. తండ్రి గ్రంథాలయం నుంచి తెచ్చి ఇచ్చిన పుస్తకాలు ఆ పిల్లవాడికి చదువు రుచి మరిపాయి. ఆ కాలు విరగడం తన అదృష్టమని ఆయన తర్వాత తలచుకునేవారు. 1877లో తండ్రికి తొడ ఎముక విరిగింది. క్రికెట్ ఆగిపోయింది, దానితో వచ్చే నాలుగు డబ్బులూ ఆగిపోయాయి. 1880లో తల్లి అప్‌పార్క్ అనే పెద్ద భవంతిలో ఇంటి నిర్వాహకురాలిగా కొలువుకు వెళ్ళిపోయింది. ఇల్లు చెదిరింది.

పిల్లవాడిని బట్టల కొట్టులో పనికి పెట్టారు. 1881 నుంచి 1883 వరకు సౌత్‌సీ అనే ఊళ్ళో రోజుకు పదమూడు గంటల చాకిరీ. తోటి కుర్రాళ్ళతో ఒకే హాలులో పడక. మన పిల్లలు తొమ్మిది, పదో తరగతులు చదివే వయసులో ఆయన తానుల గుడ్డ మడతపెడుతూ, యజమాని కేకలు వింటూ గడిపాడు. ఆడుకోవలసిన కాలం అలా జారిపోయింది. పెద్దయ్యాక ఆటను ఆయన అంత పట్టుదలగా వెనక్కి తెచ్చుకోవడానికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

చివరకు తల్లితో పోట్లాడి ఆ పని వదిలించుకుని, మిడ్‌హర్స్ట్ బడిలో చదువుతూ చదువు చెప్పే ఉద్యోగంలో చేరాడు. 1884లో స్కాలర్‌షిప్ సంపాదించి లండన్‌లోని సైన్సు కళాశాలకు వెళ్ళాడు. అక్కడ ఆయనకు జీవశాస్త్రం చెప్పినది డార్విన్ సిద్ధాంతానికి అండగా నిలిచిన మహానుభావుడు థామస్ హక్స్‌లీ. తర్వాత బడిపంతులుగా పనిచేస్తుండగా 1887లో ఫుట్‌బాల్ ఆటలో మూత్రపిండానికి దెబ్బ తగిలింది, ఆపై రక్తం కక్కుకున్నాడు. ఎక్కువ కాలం బతకడనుకున్నారు. అలాంటివాడు కలం పట్టి, 1895లో కాలయంత్రం, 1897లో అదృశ్యమానవుడు, 1898లో అంగారక జీవుల యుద్ధం వెలువరించి, ముప్పై రెండేళ్ళకే పేరు పొందాడు.

ఆ రాబడితో శాండ్‌గేట్ అనే సముద్రతీర గ్రామంలో ఇల్లు కట్టించుకున్నారు. గృహశిల్పి వాయ్‌సీకి తాను కట్టే ఇళ్ళ తలుపుల మీద హృదయం గుర్తు పెట్టే అలవాటు. వెల్స్ అందుకు ఒప్పుకోక దాన్ని తలకిందులు చేయించారు. పేకాట తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు, ఆటీను కాస్తా ఇస్పేటు అయింది. ఆ ఇంటికి ఇస్పేటు ఇల్లు అనే పేరే స్థిరపడింది. 1901లో పెద్ద కొడుకు జార్జ్ ఫిలిప్, 1903లో చిన్నవాడు ఫ్రాంక్ పుట్టారు. 1909లో సంసారం లండన్‌లోని హ్యాంప్‌స్టెడ్‌కు మారింది.

పిల్లలతో నేల మీద ఆడిన ఆటల గురించి ఆయన 1911లో ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. పేరు ఫ్లోర్ గేమ్స్, అంటే నేల మీది ఆటలు. అప్పటికి ఆయన వయసు నలభై అయిదు. దేశంలో మంత్రులు, మేధావులు ఆయన మాట వినే రోజులు. ఆయన మాత్రం ఆఫీసు ఉత్తర్వు రాసినంత శ్రద్ధగా ఇటుక బొమ్మల లెక్కలు రాశారు. నేల ఎలా ఉండాలి, ఎలాంటి పరుపు పనికిరాదు, చలిగాలి రాకుండా, నడిచేవారు తొక్కకుండా ఏ జాగ్రత్త తీసుకోవాలి, అన్నీ వివరించారు. కావలసిన సామగ్రిని నాలుగు పద్దులుగా విభజించారు. సీసపు మనుషులు ఒకటి, ఇటుకలు రెండు, పలకలు మూడు, కీ ఇస్తే నడిచే రైలు, పట్టాలు నాలుగు.

బజారులో దొరికే చిన్న ఇటుకల మీద ఆయనకు చెడ్డ కోపం. వాటితో కట్టిన ఇంట్లో సీసపు బొమ్మ కూడా నిలబడలేదని, పైగా అవి ఎన్నడూ చాలినన్ని ఉండవని ఆయన ఫిర్యాదు. తమ ఇంట్లోని చెక్క ఇటుక నాలుగున్నర అంగుళాల పొడవు. అందులో సగం, పావు ముక్కలు కూడా ఉండేవి. వాటితో అంతకు ముందు ఆడుకున్న పిల్లలు పెద్దవారైపోగా అవి వీరింటికి చేరాయి. దుకాణాల మీద ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. ఎటు చూసినా సిపాయి బొమ్మలే తప్ప, తపాలా బంట్రోతు, దుకాణదారు, రైల్వే కూలీ వంటి మామూలు మనుషులు దొరకరు. ఊరు కడితే అందులో ఉండడానికి పౌరులు వద్దా అని ఆయన వాదన.

ఆటలు ముఖ్యంగా రెండు. మొదటిది అద్భుత ద్వీపాలు. నేలంతా సముద్రం, పలకలు దీవులు, తోటలో విరిచిన కొమ్మలు అడవులు. ఇటుకలతో గుళ్ళు కట్టి, బంకమట్టి వంటి ముద్దతో దేవతలను చేసి నిలిపేవారు. రెండవది నగర నిర్మాణం. కొడుకులిద్దరూ నగరాధ్యక్షుడి పదవి తనకే కావాలనేవారు. అందువల్ల ఎప్పుడూ జంట నగరాలే కట్టవలసి వచ్చేది. హైదరాబాదు సికింద్రాబాదులను ఎరిగిన మనకు ఈ ఏర్పాటు కొత్త కాదు. రైలు స్టేషను, జంతుప్రదర్శనశాల, పురపాలక భవనం, దుకాణాలు అన్నీ వెలిసేవి. తండ్రి పైన కూర్చుని సలహాలు ఇవ్వలేదు, మోకాళ్ళ మీద పాకుతూ తానూ కట్టేవాడు.

1913లో లిటిల్ వార్స్, అంటే చిన్న యుద్ధాలు అనే రెండో పుస్తకం వచ్చింది. దాని పుట్టుక చిత్రమైనది. శాండ్‌గేట్ ఇంట్లో ఒకనాడు భోజనాలయ్యాక, పడవ ప్రయాణపు హాస్యనవల రాసిన జెరోం కె. జెరోం కుర్చీలో కూర్చుని, పిల్లల ఫిరంగి బొమ్మను తీసుకుని బల్ల మీద నిలబడ్డ సీసపు సిపాయికి గురి పెట్టారు. అందులో స్ప్రింగు ఉంది, అంగుళం పొడవు చెక్క గుండు పేలుతుంది. సిపాయి పడ్డాడు. అంతే, పెద్దలు పోటీలకు దిగారు. మొదట విజ్ఞానసర్వస్వం సంపుటాలే కొండలూ ఇళ్ళూ అయ్యాయి. పోను పోను నియమాలు ఏర్పడ్డాయి. కాల్బలం ఒక ఎత్తుకు ఒక అడుగు, అశ్వదళం రెండు అడుగులు కదలాలి, గడియారం చూసి కాలం లెక్కించాలి. దక్షిణాఫ్రికా యుద్ధం చూసి వచ్చిన సైన్యాధికారి కూడా ఈ నియమాల తయారీలో చేయి వేశాడు. ఈ ఆట పన్నెండేళ్ళవారి నుంచి నూటయాభై ఏళ్ళవారి దాకా అని వెల్స్ అట్ట మీదే వేయించారు. అదే ఏడు లండన్‌లోని ఒక సచిత్ర వారపత్రిక, ఆయన నేల మీద ఈ ఆట ఆడుతున్న బొమ్మను ప్రచురించింది. దాచుకోవలసిన పని అనుకుంటే ఆయన అందుకు ఒప్పుకునేవారు కారు.

సిపాయి బొమ్మలతో ఆడినవాడు యుద్ధప్రియుడేమో అని సందేహం రావచ్చు. ఆ పుస్తకం చివర ఆయన రాసినది అందుకు విరుద్ధం. మూడు నాలుగు సార్లు చిన్న యుద్ధం ఆడిచూస్తే అసలు యుద్ధం ఎంతటి అవివేకమో తెలుస్తుందని, యుద్ధోన్మాదులందరినీ ఒక గదిలో చేర్చి ఈ బొమ్మలు ఇచ్చి కూర్చోబెడితే లోకం సుఖపడుతుందని ఆయన భావం. లోకం వినలేదు. మరుసటి ఏడే, 1914లో, మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఇదే ఆఖరి యుద్ధం అవుతుందన్న ఆశతో వెల్స్ ఇంగ్లండు పక్షాన రాశారు. ఆ ఆశ ఫలించలేదు. తర్వాత దేశాలన్నీ ఒక్కటి కావాలన్న తపనతో 1920లో ప్రపంచచరిత్ర రాశారు. నెహ్రూగారు జైలు నుంచి కుమార్తెకు చరిత్ర లేఖలు రాస్తూ ఆధారంగా వాడుకున్న గ్రంథాలలో అదొకటి.

ఆయనను ఆదర్శ గృహస్థుగా చూపడం నా ఉద్దేశం కాదు. మొదటి భార్యను విడిచారు. రెండో భార్య జేన్ ఉండగా ఇతర స్త్రీలతో సంబంధాలు పెట్టుకున్నారు. ఆ బాధ ఆమె మోసింది. అయినా పిల్లలతో స్నేహం మాత్రం చివరిదాకా నిలిచింది. నేల మీద ఇటుకలు పేర్చిన పెద్ద కొడుకు జంతుశాస్త్రవేత్త అయి, తండ్రితోనూ, హక్స్‌లీ మనవడు జూలియన్‌తోనూ కలిసి 1929-30లో జీవశాస్త్రం మీద బృహద్గ్రంథం రాశాడు. చిన్నవాడు సినిమా రంగానికి వెళ్ళాడు. తండ్రీ కొడుకులు కలిసి పుస్తకం రాయగలిగిన చనువుకు నేల మీది ఆ ఇటుకలు కొంత పునాది వేసి ఉంటాయని నమ్ముతాను.

వెల్స్‌కు మధుమేహం. అది దాచుకోవలసిన జబ్బు అన్నట్లుండే ఆ రోజుల్లో, 1934లో, వైద్యుడు లారెన్స్‌తో కలిసి రోగుల కోసం సంఘం స్థాపించారు. ఆట విషయంలో లేని మొహమాటం రోగం విషయంలోనూ లేదు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడుతున్నా లండన్ విడవలేదు. 1946 ఆగస్టు 13న, డెబ్బై తొమ్మిదో ఏట, తన ఇంట్లో కన్నుమూశారు. చితాభస్మాన్ని సముద్రంలో కలిపారు.

ఆ చిన్న పుస్తకాలు మాత్రం ఊరుకోలేదు. మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే లండన్ వైద్యురాలు నేల మీది ఆటల పుస్తకం గుర్తుంచుకుని, మనసు బాగాలేని పిల్లలకు ఇసుక పళ్ళెం, బొమ్మలు ఇచ్చి, వారు కట్టిన లోకం చూసి వారి బాధ తెలుసుకునే పద్ధతి రూపొందించారు. చిన్న యుద్ధాల పుస్తకం నుంచి పెద్దల యుద్ధక్రీడలు పెరిగాయి. 1932లో డెన్మార్కులో ఒక వడ్రంగి చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. ఆయన సంస్థ 1958లో, ఒకదానికొకటి గట్టిగా పట్టుకునే ప్లాస్టిక్ ఇటుకకు పేటెంటు పొందింది. అవే నేడు మన మనవల చేతుల్లో ఉన్న లెగో ఇటుకలు. 2020 నుంచి ఆ సంస్థ పద్దెనిమిదేళ్ళు దాటినవారి కోసమని అట్టపెట్టె మీదే అచ్చువేసి అమ్ముతోంది. పెద్దలూ ఆడతారన్న సంగతిని వెల్స్ తన పుస్తకం అట్ట మీద చాటిన నూరేళ్ళ తర్వాత వ్యాపారులు పెట్టె మీద వేశారన్నమాట.

మనకు మాత్రం ఇది కొత్తా? సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేటప్పుడు మెట్లు కట్టేదీ, కొండపల్లి బొమ్మలతో ఊరు అమర్చేదీ ఇంట్లోని పెద్దవాళ్ళే. పండుగ పేరు ఉంది గనుక ఎవరూ నవ్వరు. పేరు లేని రోజున అదే పని చేస్తే రెండో బాల్యం అంటారు. ముప్పై అయిదేళ్ళు ఇతరులు అడిగిన లెక్కలు కట్టిన చేతులు ఇప్పుడు తమకు నచ్చినది కట్టుకుంటే తప్పేమిటి? మోకాళ్ళు సహకరించనివారు భోజనాల బల్ల మీద కట్టుకోవచ్చు. మనవడు ఊళ్ళో ఉంటే వాడిని పక్కన కూర్చోబెట్టుకోండి. లేకపోతే ఒంటరిగానే మొదలుపెట్టండి. ఎవరైనా తలుపు తోసుకుని వస్తే మాత్రం సర్దుతున్నట్లు నటించకండి. ఒక ఇటుక వారి చేతిలో పెట్టండి.