పార్కు పేరులో తెలుగాయన

చెన్నై పోస్టింగులో ఉన్నప్పుడు మేము పానగల్ పార్కు దగ్గరే బస్సెక్కేవాళ్లం. అది ఒక తెలుగాయన పేరని చాలాకాలం మాకు తెలీదు.

ఆయన పానగంటి రామరాయణింగారు, పానగల్ రాజా. మనలో చాలామందికి లాగే ఆయన ఇంటిపేరులోనూ ఊరుంది. 1866లో కాళహస్తిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో సంస్కృతం చదివారు. తెల్లవాళ్ల పాలనలోనే, జస్టిస్ పార్టీ తరఫున, 1921 నుంచి 1926 దాకా మద్రాసుకు ముఖ్యమంత్రి.

గుళ్ల, మఠాల ఆదాయానికి లెక్క చూపాలంటూ 1922లో దేవాదాయ బిల్లు పెట్టారు. తాను జమీందారై ఉండి మఠాధిపతులకు ఎదురు నిలవడం మామూలు సంగతా! గొడవల మధ్యే 1925లో అది చట్టమైంది. మరుసటి ఏడు ఎన్నికల్లో పార్టీ ఓడింది, పదవి పోయింది. 1928లో కన్నుమూశారు.

రాయపూర్ నుంచి చెన్నైకి బదిలీ అయ్యే పిల్లలు ఆ పార్కు చూసి మాకు ఉత్తరం రాయండి.