చిన్న గుండుతో వెయ్యి ఏనుగులు: 'కరమోజో' బెల్ జీవితం

1900 తర్వాత తొలి సంవత్సరాల్లో ఏనుగుల వేట కోసం ఆఫ్రికా బయల్దేరే ఇంగ్లీషు దొరలు ముందుగా లండన్‌లో తుపాకుల దుకాణానికి పోయేవారు. అక్కడ వాళ్ల చేతికి వచ్చేది .577 లాంటి పెద్ద డబుల్ బ్యారెల్ రైఫిల్. దాని బరువు దాదాపు 6 కిలోలు. గుండు ఒక్కటే 750 గ్రెయిన్లు, అంటే దగ్గర దగ్గర 49 గ్రాములు. పేలిస్తే భుజం అదిరిపోవాల్సిందే. జంతువు ఎంత పెద్దదైతే గుండు అంత పెద్దదిగా ఉండాలని అందరి లెక్క.

అదే కాలంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన ఒక సన్నపాటి యువకుడు 173 గ్రెయిన్ల గుండుతో, అంటే 11 గ్రాముల ముక్కతో ఏనుగుల్ని పడగొడుతున్నాడు. ఆయన పేరు వాల్టర్ డాల్రింపుల్ మెయిట్‌లాండ్ బెల్. ఉగాండా ఈశాన్యాన ఉన్న కరమోజా ప్రాంతంలో వేటాడినందుకు లోకం ఆయన్ని 'కరమోజో' బెల్ అని పిలిచింది. మొత్తం జీవితంలో ఆయన చంపిన ఏనుగులు 1,011. అందులో ఆడవి 28 మాత్రమే. ఎనిమిది వందల దాకా 7 మి.మీ. మౌజర్ రైఫిల్‌తో పడ్డవే. ఇంగ్లండ్‌లో రిగ్బీ కంపెనీ ఈ సైజునే .275 అనే పేరుతో అమ్మేది.

ఈ సంఖ్య చూసి ఈ రోజు ఎవరూ చప్పట్లు కొట్టరు, కొట్టకూడదు కూడా. కానీ అంత చిన్న గుండు అంత పెద్ద జంతువును ఒక్క దెబ్బకు ఎలా చంపిందన్నది వందేళ్లుగా తుపాకీ తెలిసినవాళ్లు వాదించుకుంటున్న విషయం. ఆ వాదన మొదలైంది బెల్ దగ్గరే.

బెల్ 1880 సెప్టెంబర్ 8న ఎడిన్‌బరో దగ్గర పుట్టాడు. సంపన్న కుటుంబమే, కానీ పసితనంలోనే తల్లి పోయింది, కొన్నేళ్లకు తండ్రీ పోయాడు. అన్నల పెంపకంలో బడి మీద మనసు నిలవలేదు. ఎన్ని స్కూళ్లలో వేస్తే అన్నింటి నుంచీ పారిపోయాడు. చివరికి ఇంట్లోవాళ్లు విసిగిపోయి ఓడ ఎక్కించారు. 1897లో, ఇంకా మీసాలు సరిగా రాని వయసులో, ఆఫ్రికా చేరి ఉగాండా రైల్వే పనుల దగ్గర సింహాలను కాల్చే ఉద్యోగం సంపాదించాడు. చేతిలో ఉన్నది ఒకే తూటా పట్టే .303 రైఫిల్. అక్కడి వేడికి పేలిన తూటా తాలూకు ఇత్తడి గొట్టం లోపలే ఇరుక్కుపోయేది. సింహం ఎదురుగా ఉన్నప్పుడు తుపాకీ మూసుకుపోతే ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. తూటా నమ్మకంగా పేలాలి, ఖాళీ గొట్టం నమ్మకంగా బయటికి రావాలి అనే పట్టుదల ఆయనకు అప్పుడే పట్టుకుంది. జీవితాంతం వదల్లేదు.

ఆ తర్వాత బంగారం వేటలో కెనడాలోని యూకాన్‌కు పోయాడు. బంగారం దొరకలేదు గానీ డాసన్ పట్టణానికి మాంసం అమ్మి బతికాడు. శీతాకాలం అంతా సంపాదించిన డబ్బుతో భాగస్వామి ఉడాయించాడు. తుపాకీ అమ్ముకుని, కెనడా దళంలో చేరి దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి వెళ్లాడు. అక్కడ శత్రువులకు పట్టుబడి తప్పించుకున్నాడు. యుద్ధం ముగిశాక 1902లో మళ్లీ తూర్పు ఆఫ్రికాలో దిగాడు. ఈసారి పని ఒక్కటే, దంతాల వ్యాపారం.

వ్యాపారం అన్న మాట ఊరికే వాడలేదు. బెల్ వేటను సరదాగా చూడలేదు, ప్రతి తూటాకూ ప్రతి దంతానికీ లెక్క రాసుకునేవాడు. కూలీల జీతాలు, వాళ్ల తిండి, పూసలు, తీగలు, పశువులు, అన్నీ పెట్టుబడే. దారిలో తూటా పెట్టెలు మోసేది కూడా కూలీ నెత్తిమీదే. ఒక పెద్ద .577 తూటా బరువులో చిన్న తూటాలు మూడో నాలుగో వస్తాయి. నెలల తరబడి దుకాణం కనిపించని చోట ఇది చిన్న తేడా కాదు. ఒకసారి ఒక్కరోజులో పడిన తొమ్మిది ఏనుగుల దంతాలకు 877 పౌండ్లు వస్తాయని లెక్క కట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఒక కూలీ కుటుంబం చాలా ఏళ్లు బతకగలిగే డబ్బు అది. ఆ దంతాలు చివరికి పోయేది పియానో మెట్లకూ బిలియర్డ్స్ బంతులకూ.

కరమోజాకు దారి చూపినవాళ్లు స్వాహిలీ ముస్లిం వర్తకులు. బెల్ కన్నా చాలా ముందే వాళ్లు అక్కడ దంతాల బేరం నడిపేవారు. ఈ ప్రయాణాలకు ఇంగ్లీషులోకి వెళ్లిన 'సఫారీ' అనే మాట వాళ్ల భాషదే. అరబ్బీ నుంచి వచ్చిన ఆ 'సఫర్' మన ఉర్దూ ఇళ్లలో రోజూ వినిపించేదే. కరమోజో తెగకు చెందిన ప్యజాలే అనే వ్యక్తి ఆయనకు జాడలు చూపించే కుడిభుజం అయ్యాడు. ఏనుగుల కబురు తెచ్చి, అది నిజమైతే ఆవును బహుమతిగా ఇస్తానని బెల్ ప్రకటించాడు. పశువులే ఆస్తి అయిన జనం మధ్య అంతకు మించిన ధర లేదు. దాంతో వార్తలు వాటంతట అవే నడిచి వచ్చాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తూటా వేరు, గుండు వేరు. ఇత్తడి గొట్టం, లోపల మందు, వెనక టోపీ, ముందు గుండు, ఇవన్నీ కలిస్తే తూటా. జంతువు ఒంట్లోకి పోయేది ముందున్న గుండు మాత్రమే. అది రెండు రకాలు. మొదటి రకానికి మూతి దగ్గర సీసం బయటికి కనిపిస్తుంది. తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుని వెడల్పు గాయం చేస్తుంది. 1890లలో కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో తయారై లోకమంతా పేరు మోసింది ఈ జాతి గుండే. 1899లో హేగ్ సదస్సు దీన్ని యుద్ధాల్లో వాడొద్దని నిషేధించింది, వేటలో మాత్రం మిగిలింది. పులి, చిరుత, సింహం లాంటి పలచని చర్మం ఉన్న జంతువులకు ఇదే తగినది. రెండో రకం మూతితో సహా గట్టి లోహపు తొడుగు వేసిన గుండు. ఎముక తగిలినా విచ్చుకోదు, ఆకారం చెడకుండా లోపలికి పోతూనే ఉంటుంది.

ఏనుగుకు మొదటి రకం ఎందుకు పనికిరాదో దాని తల చూస్తే తెలుస్తుంది. ఆ నుదురంతా మెదడు అనుకుంటాం. కాదు. అదంతా తేనెపట్టులా గదులు గదులుగా ఉన్న ఎముక. మెదడు చాలా వెనక, కిందికి, రెండు చెవి రంధ్రాల మధ్య దాక్కుని ఉంటుంది. అంత తలలో అది పెద్ద రొట్టె అంత కూడా అనిపించదు. విచ్చుకునే గుండు ఆ ఎముకలోనే ఆగిపోతుంది. ఏనుగు చావదు, పిచ్చెక్కిన నొప్పితో పారిపోతుంది, లేదా కాల్చినవాడి మీదికి వస్తుంది.

బెల్ ఊహలతో సరిపెట్టుకోలేదు. చచ్చిన ఏనుగు తలను రంపంతో రెండుగా కోయించి మెదడు ఎక్కడుందో, ఏ వైపు నుంచి ఏ కోణంలో పోతే అక్కడికి చేరుతుందో చూసుకున్నాడు. బొమ్మలు వేయడం వచ్చినవాడు కాబట్టి ఏనుగు ఆకారంలో లోపలి భాగాలు కనిపించేలా పటాలు గీసుకున్నాడు. వెనక నుంచి ఏటవాలుగా, మెడ కండరాల గుండా మెదడుకు వేసే దెబ్బకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది. అది చాలా కష్టమైన గురి. అందరూ చేయగలిగేది కాదు.

తర్వాత తుపాకుల పరీక్ష. మొదటి సఫారీలో సైన్యం వాడే .303 రైఫిళ్లు, 215 గ్రెయిన్ల సైనిక గుండ్లు. పని జరిగింది. 6.5 మి.మీ. మాన్‌లిషర్ ఆయనకు బాగా నచ్చిన అందమైన తుపాకీ, కానీ దాని తూటాలు మోసం చేశాయి, వదిలేశాడు. .318 వెస్ట్‌లీ రిచర్డ్స్ కొన్నాడు, 250 గ్రెయిన్ల మంచి గుండే, అక్కడా తూటాలతోనే తంటా. చివరికి నిలిచింది 7 మి.మీ. మౌజర్, జర్మనీలో తయారైన సైనిక తూటాలు. సైన్యం కోసం చేసిన సరుకు కాబట్టి ఒకటి పేలి ఒకటి పేలకపోవడం అనేది లేదు. అంటే బెల్ ఎంపిక చేసింది తుపాకీని కన్నా తూటాను అనాలి.

ఆ 173 గ్రెయిన్ల గుండులో ఏముంది? వెడల్పు 7 మి.మీ. చిల్లరే, కానీ పొడుగ్గా ఉంటుంది. మూతి గుండ్రంగా ఉంటుంది. మేకు, రాయి రెండూ ఒకే బరువున్నా గోడలోకి దిగేది మేకే. అలాగే సన్నగా పొడుగ్గా ఉన్న గుండు తన బరువంతా చిన్న చోట మోపి లోతుకు దిగుతుంది. గట్టి తొడుగు ఉండడంతో వంకర పోకుండా దాదాపు గీత గీసినట్టు వెళ్తుంది. వేగం సెకనుకు 700 మీటర్లు. మరీ ఎక్కువ కాదు, అదీ మంచికే. మరీ వేగంగా పోతే ఎముక తగిలినప్పుడు గుండు నలిగిపోయే ప్రమాదం ఎక్కువ. మెదడు తగిలితే ఏనుగుకు 11 గ్రాములైనా 49 గ్రాములైనా ఒకటే, అక్కడికక్కడే కూలుతుంది. మెదడు తప్పితే 49 గ్రాములు కూడా హామీ ఇవ్వవు.

ఇంకో లాభం శబ్దం. పెద్ద తుపాకీ మోతకు మంద మొత్తం చెదిరిపోతుంది. చిన్న రైఫిల్ చప్పుడుకు పక్క ఏనుగులు అంతగా బెదరవు. ఎత్తైన గడ్డిలో పడిపోయిన ఏనుగు మీదికే ఎక్కి నిలబడి బెల్ మిగతావాటిని కాల్చేవాడు. ఇది చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. నొప్పి లేని చావు ఒక ఏనుగుకు దయ కావచ్చు, అదే నైపుణ్యం మొత్తం మందకు శాపం అయ్యింది.

ఆయన చేతి గురి మాత్రం అరుదైనది. రైఫిల్ కూలీకి ఇవ్వకుండా తానే మోసేవాడు. నడుస్తూ ఖాళీ తుపాకీతో ఏదో ఒకదానికి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కుతూనే ఉండేవాడు. నమ్మకం పోయిన .318 తూటాలను పారేయడం ఇష్టం లేక సరస్సు మీద ఎగిరే నీటికాకుల మీద ఖర్చు పెట్టాడు. చూసినవాళ్లు ఆయన చేతిలో ఉన్నది చెర్రలు పేల్చే షాట్‌గన్ అనుకున్నారట. ఒక్కో ఏనుగు కోసం సగటున 73 మైళ్లు నడిచానని, ఏడాదికి 24 జతల బూట్లు అరిగిపోయాయని లెక్క వేసుకున్నాడు.

ఇక్కడే ఆయన కథను సగం చదివినవాళ్లు తప్పు చేశారు. చిన్న గుండు సరిపోతుంది అన్న ముక్క పట్టుకుని, కోసిన తలను, ఆ సాధనను, ఆ 73 మైళ్లను వదిలేశారు. తలలో ఎక్కడో గుండు దిగిన ఏనుగు అడవిలోకి పోయి రోజుల తరబడి బాధపడి చస్తుంది. చావకపోతే కట్టెల కోసం వచ్చిన ఊరి మనిషి మీద కసి తీర్చుకుంటుంది. తుపాకీ పేల్చినవాడు అప్పటికి వేరే క్యాంపులో ఉంటాడు.

బెల్‌కు గట్టి జవాబు జాన్ టేలర్ అనే మరో ఏనుగు వేటగాడి నుంచి వచ్చింది. 1948లో వచ్చిన తన పుస్తకంలో టేలర్ ఒక లెక్క పెట్టాడు. గుండు బరువు, వేగం, వెడల్పు మూడింటినీ గుణించి 7,000తో భాగించాలి. మెదడుకు కాస్తలో గురి తప్పినప్పుడు ఏనుగును నేల మీద స్పృహ లేకుండా ఎంతసేపు ఉంచగలదన్నది దీంతో పోల్చవచ్చు. ఈ లెక్కలో బెల్ గుండుకు సుమారు 16 వస్తుంది, .577కు 125 దాటుతుంది. పది గజాల్లో, పొదల్లోంచి ఏనుగు మీదికి వచ్చేటప్పుడు కోణాలు చూసుకునే తీరిక ఉండదు, అప్పుడు బరువే కాపాడుతుంది. మామూలు మనిషికి టేలర్ మాటే క్షేమం. ఆఫ్రికాలో పలు దేశాలు తర్వాత ప్రమాదకరమైన పెద్ద జంతువులకు .375 కన్నా చిన్నది వాడొద్దని నియమం పెట్టింది కూడా అందుకే. కానీ గట్టి తొడుగు గుండే వాడాలి అన్న చోట టేలర్‌కూ బెల్‌కూ పేచీ లేదు.

మన దేశంలో కూడా ఈ .275 పేరు విన్నవాళ్లున్నారు. 1907లో చంపావత్ నరభక్షక పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా వచ్చిన రిగ్బీ రైఫిల్ ఇదే సైజు. 1926లో రుద్రప్రయాగ చిరుతను ఆయన చంపింది దానితోనే. తుపాకీ ఒకటే అయినా బెల్ ఏనుగుకు వాడిన గట్టి గుండు చిరుతకు సరైంది కాదు, సన్నటి రంధ్రం చేసి అటునుంచి ఇటు దూసుకుపోతుంది. గాయపడిన చిరుత బతికే ఉంటుంది.

కరమోజా తర్వాత బెల్ లాడో ఎన్‌క్లేవ్, అబిసీనియా, లైబీరియా, ఫ్రెంచి కాంగో తిరిగాడు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఇంగ్లండ్ వచ్చి విమానం నడపడం నేర్చుకున్నాడు. టాంగన్యికా మీద, ఆ తర్వాత సలోనికా రంగంలో ఎగిరి మిలిటరీ క్రాస్ పొందాడు. యుద్ధం అయ్యాక మళ్లీ కొన్నాళ్లు ఆఫ్రికా నదుల్లో పడవ మీద, ఎడారుల్లో మోటారు మీద ప్రయాణాలు. 1923లో మొదటి పుస్తకం వచ్చింది, బొమ్మలు కూడా తనవే. 1949లో కరమోజా రోజుల మీద ఇంకొకటి రాశాడు.

చివరి రోజులు స్కాట్లండ్ కొండల్లో, గార్వ్ దగ్గర కొరిమోయిలీ ఎస్టేట్‌లో భార్య కేట్‌తో గడిపాడు. ఇద్దరూ తెరచాప పడవల పోటీలకు పోయేవారు. ఎస్టేట్‌లో ఎర్ర జింకలు ఉండేవి. వాటికి ఆయన తీసిన తుపాకీ .220 స్విఫ్ట్. గుండు 48 గ్రెయిన్లు, 3 గ్రాములు. సెకనుకు 1,200 మీటర్లకు మించిన వేగం. తగలగానే లోపలే ముక్కలైపోయే రకం. విచ్చుకోని గుండు కోసం సగం జీవితం వెతికిన మనిషి జింక దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా ఎదురు రకం ఎంచుకున్నాడు, ఎందుకంటే జింక తలలో తేనెపట్టు ఎముక లేదు.

1954 జూన్ 30న గుండెపోటుతో బెల్ కన్నుమూశాడు. మిగిలిన రాతల్ని అమెరికన్ రైఫిల్ నిపుణుడు టౌన్‌సెండ్ వీలెన్ సరిచేయగా 1960లో మూడో పుస్తకంగా వచ్చాయి.