మట్టి ఇల్లు, మూడు వందల డాలర్ల అప్పు: కార్వర్ కథలో చెప్పని కాన్సాస్ ఏళ్లు

జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పేరు వినగానే చాలామందికి వేరుశనగే గుర్తొస్తుంది. బానిసగా పుట్టాడు, కష్టపడి చదివాడు, వేరుశనగతో వందల రకాల వస్తువులు తయారుచేసి గొప్ప శాస్త్రవేత్త అయ్యాడు. ఇంతే కథ. రిజర్వేషన్ల మీద చర్చ వచ్చినప్పుడు ఇలాంటి కథలనే మా ముందు పెట్టేవాళ్లున్నారు. ప్రతిభ ఉంటే ఎవరూ ఆపలేరన్నది వాళ్ల వాదన. అందుకే ఆయన జీవితంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని పదేళ్లను, అంటే కాన్సాస్ మైదానాల్లో గడిపిన ఏళ్లను మేము ఇక్కడ చెప్పదలిచాం.

కార్వర్ 1864 ప్రాంతంలో మిస్సోరీ రాష్ట్రంలో పుట్టాడు. తల్లి మేరీని మోజెస్ కార్వర్ అనే రైతు 1855లో 700 డాలర్లకు కొన్నాడు. అంతర్యుద్ధ కాలంలో దోపిడీ ముఠా ఒకటి తల్లీబిడ్డలను ఎత్తుకుపోయింది. బిడ్డ దొరికాడు, తల్లి జాడ మళ్లీ తెలియలేదు. దగ్గర్లోని బడి నల్లపిల్లలను చేర్చుకోదు. అందుకే చదువు కోసం చిన్నతనంలోనే ఇల్లు వదిలి, ఊరి నుంచి ఊరికి తిరిగాడు. 1879లో కాన్సాస్‌లోని ఫోర్ట్ స్కాట్‌లో ఒక నల్లజాతి మనిషిని గుంపు చంపడం కళ్లారా చూసి ఆ ఊరు వదిలేశాడు. ఆ భయం ఆయన్ను జీవితాంతం వదల్లేదు.

తర్వాత చేరింది మినియాపోలిస్ అనే చిన్న ఊరికి. మిన్నెసోటాలోని మహానగరం కాదిది. కాన్సాస్‌లో ఒటావా కౌంటీకి కేంద్రం. కౌంటీ కేంద్రమంటే కోర్టు, భూమి రికార్డులు, బ్యాంకు, ఒక పత్రిక, చుట్టూ పొలాలు. అక్కడ జనం బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి బతుకుతూ బడికి వెళ్లాడు. ఊళ్లో ఇంకో జార్జ్ కార్వర్ ఉండి ఉత్తరాలు తారుమారవుతుంటే, తన పేరు మధ్యలో ఒక అక్షరం చేర్చుకున్నాడు. వాషింగ్టన్ అన్న పేరు అలా వచ్చింది.

1885లో హైలాండ్ కాలేజీకి ఉత్తరం ద్వారా దరఖాస్తు పెట్టాడు. సీటు వచ్చింది. తీరా వెళ్లి నిలబడితే, ఒంటి రంగు చూసి చేర్చుకోలేదు. కాగితం మీద సరిపోయిన ప్రతిభ, మనిషి ఎదురుగా నిలబడగానే చెల్లకుండా పోయింది. ఇంటిపేరు తెలిశాక మారిపోయే ముఖాలను చూసిన మన విద్యార్థులకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

మరుసటి ఏడు ఆయన ఇంకా పడమటికి, నెస్ కౌంటీకి వెళ్లాడు. కౌంటీ కేంద్రం నెస్ సిటీ అప్పటికి పట్టుమని పదేళ్లు కూడా లేని ఊరు. ఈనాటికీ అక్కడ జనాభా 1,300 దాటి పెద్దగా లేదు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల వరకు భూమి పొందే వీలుంది. బీలర్ అనే పల్లెకు దక్షిణాన కార్వర్ ఆ హక్కు సంపాదించాడు. చెట్టు లేని మైదానం అది, కలప దొరకదు. గడ్డి వేళ్లతో బిగుసుకున్న మట్టిని పెళ్లలుగా కోసి, ఇటుకల్లా పేర్చి 14 అడుగుల చదరపు ఇల్లు కట్టుకున్నాడు. నీళ్ల కోసం తవ్వితే పడలేదు. పొరుగు రైతు దగ్గర నుంచి మోసుకొచ్చుకున్నాడు. సుమారు 17 ఎకరాలు సాగులోకి తెచ్చి మొక్కజొన్న, కూరగాయలు వేశాడు. ఆ కరువు నేల మీదే వందల మొక్కలు సేకరించి పెంచాడు.

ఇక్కడ మేము గమనించిన విషయం ఒకటుంది. కాలేజీ గేటు దగ్గర వెనక్కి పంపిన రాష్ట్రంలోనే, ఈ కొత్త ఊళ్లో ఆయనకు కొంత చోటు దొరికింది. స్థానిక సాహిత్య సంఘం ఆయన్ను సహాయ సంపాదకుడిగా ఎన్నుకుంది. ఒక మహిళ దగ్గర చిత్రలేఖనం నేర్చుకున్నాడు. కౌంటీ కేంద్రంలోని పత్రిక ఆయన గురించి రాసింది. 1888లో నెస్ సిటీ బ్యాంకు 300 డాలర్ల అప్పిచ్చింది. భూమి, అప్పు, నలుగురిలో గుర్తింపు. ఈ మూడూ లేకపోతే ప్రతిభ పొలంలోనే ఎండిపోయేది.

అయితే ఆ భూమి ఖాళీ భూమి కాదు. షయాన్, అరపహో, పానీ వంటి ఆదివాసీ జాతులను ఆ మైదానాల నుంచి తరిమేశాకే ప్రభుత్వం దాన్ని పంచింది. ఒక పీడిత జాతికి దక్కిన అవకాశం కింద ఇంకో పీడిత జాతి నిర్వాసితత్వం ఉంది. రెండూ చెప్పాలి. మరోపక్క, నెస్‌కు ఉత్తరాన రెండు కౌంటీల దూరంలో, 1877లోనే నికోడెమస్ అనే నల్లవాళ్ల ఊరు వెలిసింది. దక్షిణాది నుంచి భూమి కోసం, భద్రత కోసం కాన్సాస్ దారి పట్టిన వేలమందిలో అలా నిలదొక్కుకున్నవాళ్లు కొందరే.

కార్వర్ కూడా ఆ నేల మీద నిలవలేదు. 1888లో వెళ్లిపోయాడు. ఆ భూమి ఆయనకు మిగల్లేదు. అయోవా రాష్ట్రంలో వంటపని చేస్తున్నప్పుడు పరిచయమైన ఒక కుటుంబం ప్రోత్సాహంతో 1890లో సింప్సన్ కాలేజీలో చేరాడు. మరుసటి ఏడాది ఏమ్స్‌లోని వ్యవసాయ కళాశాలకు మారాడు. అక్కడ మొదటి నల్లజాతి విద్యార్థి ఆయనే. సహ విద్యార్థులతో కలిసి భోజనం చేయనివ్వలేదు. అయినా 1894లో పట్టా, 1896లో మాస్టర్స్ అందుకున్నాడు. ఆ కళాశాల నడిచింది ప్రభుత్వం కేటాయించిన భూముల ఆదాయంతో. అంబేడ్కర్ 1913లో బరోడా ఉపకార వేతనంతో కొలంబియాకు వెళ్లగలిగినట్టే, కార్వర్ వెనుక కూడా ఒక ప్రజా వ్యవస్థ ఉంది.

1896లో బుకర్ టి. వాషింగ్టన్ పిలుపుతో టస్కెగీ చేరి, 1943లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. పత్తి పీల్చేసిన నేలకు అలసంద, వేరుశనగ, చిలగడదుంపతో పంట మార్పిడి నేర్పాడు. బండి కట్టి, పొలాల దగ్గరికే పాఠం తీసుకెళ్లాడు. పేద రైతు కొనలేని ఎరువుకు బదులు అడవి ఆకు, బురదమట్టి వాడమన్నాడు. వేరుశనగ వెన్న ఆయన కనిపెట్టింది కాదు. కానీ మట్టి ఇంట్లో, అప్పుతో, నీళ్లు లేక బతికినవాడికే తెలిసే శాస్త్రం ఇది.

ఆయన మౌనాన్నీ దాచకూడదు. పాలు కౌలు పేరుతో నల్ల రైతులను అప్పుల్లో బిగించిన వ్యవస్థను ఆయన బహిరంగంగా ఎదిరించలేదు. తెల్లవాళ్లకు ఆయన నచ్చడానికి ఆ వినయం కూడా ఒక కారణం. తిరగబడని ప్రతిభను ఆధిపత్య వర్గాలు తేలిగ్గా పొగుడుతాయి. ఫోర్ట్ స్కాట్‌లో ఆ రాత్రి చూసినవాణ్ని మేము నిందించలేం. ఆ మౌనాన్ని ఆదర్శంగా పెట్టుకోనూ లేం.

ఈసారి ఎవరైనా కార్వర్‌ను చూపించి ప్రతిభ గురించి పాఠం చెబితే హైలాండ్ కాలేజీ సంగతి అడగండి. నెస్ సిటీ బ్యాంకు అప్పు సంగతీ అడగండి. ఆయన ప్రతిభ ఆ రెండు చోట్లా ఒక్కటే. మారింది తలుపు తీసిన చేయి.