పద్మనాభంలో నేలకొరిగిన విజయనగర ప్రభువు

విజయనగర సంస్థానాధీశుడు చిన విజయరామరాజు పద్మనాభం యుద్ధంలో వీరమరణం పొందినది 1794 జూలై 10న. ఉత్తరాంధ్ర చరిత్రను ఆ సంవత్సరం మలుపు తిప్పింది.

1757లో బొబ్బిలి యుద్ధానంతరం పెద విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో హతుడయ్యారు. వారసుడు ఆనంద గజపతిరాజు సైతం అచిరకాలంలోనే మరణించగా, పెద విజయరామరాజు సతీమణి దత్తత స్వీకరించిన బాలుడే చిన విజయరామరాజు. అన్న సీతారామరాజు దివానుగా అధికారం చెలాయించినంత కాలం ఆయన పేరుకే ప్రభువు.

ఈస్టిండియా కంపెనీ పేష్కషును పెంచుతూ పోయింది. బకాయిలు పేరుకుపోయాయి. 1793లో కంపెనీ సేనలు విజయనగరం కోటను ఆక్రమించాయి. నెలకు 1200 రూపాయల భత్యంపై మచిలీపట్నం వెళ్లి నివసించవలసిందిగా రాజును ఆదేశించారు. ఆయన అందుకు సమ్మతించక, భీమునిపట్నానికీ విజయనగరానికీ నడుమనున్న పద్మనాభంలో అనుచరులతో నిలిచారు. ప్రెండర్‌గాస్ట్ నాయకత్వంలోని కంపెనీ సేనతో పోరు గంటలోపే ముగిసింది. రాజుతోపాటు ఆయన వెంట నిలిచిన వీరులెందరో అక్కడే ప్రాణాలర్పించారు.

బాలుడైన కుమారుడు నారాయణబాబు మన్యం జమీందారుల ఆశ్రయం పొందాడు. కొండసీమ అంతటా తిరుగుబాటు చెలరేగవచ్చన్న భయంతో కంపెనీ రాజీకి వచ్చి, విస్తీర్ణం తగ్గించి, సంస్థానాన్ని అతనికే అప్పగించింది. జీవించి ఉండగా చిన విజయరామరాజుకు దక్కని గడ్డ, ఆయన మరణానంతరం వంశానికి నిలిచింది.